గూటి కుందేలు, గుప్పెడు చెనిక్కాయలు

మటన్ కొనలేని ఆదివారాలకు అనంతపురం పెరటిలోనే ఒక దారి ఉంది. ఎండను, బూజును కాచుకోగలిగితే ఇల్లు మొత్తానికి ఒక పూట కూర.

చేనులో దూకే కుందేలు వేరు, గూట్లో పెరిగే కుందేలు వేరు. ఈ తేడా చెప్పకుండా అనంతపురం జిల్లాలో కుందేలు కూర మాట ఎత్తడం కష్టం. ఇక్కడి పెద్దవాళ్లకు కుందేలు అనగానే చెనిక్కాయ చేను గట్టున చెవులు నిక్కించి కూర్చున్న అడవి కుందేలే కళ్ల ముందుకొస్తుంది. ఉరులు పన్నడం, వలలు కట్టడం, కుక్కలను ఉసిగొల్పడం, రాత్రిపూట లైటు వేసి కళ్ల మెరుపును బట్టి జాడ పట్టడం ఒకప్పుడు ఊళ్లో చాలామందికి తెలిసిన విద్యలే. సంక్రాంతి పోగానే తిరుమలలోనూ అహోబిలంలోనూ పారువేట పేరుతో దేవుడే వేటకు బయల్దేరతాడు. హంపి దగ్గర వేటకుక్కలను ఎదురు తరిమిన కుందేలును చూసి హరిహర బుక్కరాయలు అక్కడే రాజధాని కట్టారన్న కథ సీమలో వినని ఇల్లు లేదు. 1565 తర్వాత ఆ రాజ్యానికి మన పెనుకొండే రాజధాని అయింది కూడా.

ఆ కుందేలు జోలికి ఇప్పుడు పోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జంతువు. పట్టినా, చంపినా, మాంసం ఇంట్లో ఉన్నా నేరమే. చట్టాన్ని పక్కన పెట్టినా, గుట్టల మీద పొదలు, చేల మధ్య బీడు ఏటేటా తగ్గుతుంటే మిగిలిన నాలుగు కుందేళ్లను ఉరిలో వేయడానికి మనసొప్పదు. చిన్నప్పుడు తిన్న రుచి మరిచిపోలేమనే వాళ్ల మాట నేను కాదనను. ఆ రుచిని గూటి కుందేలులో వెతుక్కోమని మాత్రం గట్టిగా చెబుతాను.

రెండూ చూడటానికి దాయాదుల్లా ఉన్నా జాతులు వేరు. మన చేలల్లో తిరిగే దానికి మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. అది బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటుంది. దాని పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. గూట్లో పెంచేది స్పెయిన్, పోర్చుగల్ వైపు బొరియల్లో బతికిన కుందేలు సంతతి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని, ఎర్రటి బొటనవేళ్లలా పుడతాయి. రెండింటికీ సంకరం కుదరదు. చట్టం కూడా వీటిని వేరుగానే చూస్తుంది. తినదగిన జంతువుల జాబితాలో కుందేలు లేదంటూ 2014లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అడ్డు చెప్పినప్పుడు కేరళ వైపు పెంపకందార్లు గగ్గోలు పెట్టారు. ఆ తర్వాత పెంపుడు కుందేలును ఆ జాబితాలో చేర్చారు. కాబట్టి గూటి కుందేలును పెంచుకుని వండుకోవడానికి ఎవరికీ భయపడనక్కర్లేదు.

మనకు ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో దశాబ్దాల కిందటే కుందేళ్ల మీద పరిశోధన సాగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరుతోనే ‘ఏపీఏయూ ఫాన్’ అనే రకం ఉంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్, వైట్ జెయింట్ అనే పేర్లు పెంపకందార్ల నోట తరచూ వినబడతాయి. మాంసానికి ఇవన్నీ పనికొస్తాయి.

కుండకు సరిపడే జంతువు

రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువున్న జిల్లా ఉమ్మడి అనంతపురం. అయినా మంద ఉన్న ఇంట్లో కూడా మాంసం వండుకునేది పండక్కో, చుట్టాలొస్తేనో. గొర్రె అంటే ఆపదలో అమ్ముకునే ఆస్తి. బోరు ఎండితే, పిల్లకు ఫీజు కట్టాల్సి వస్తే, ఆసుపత్రి ఖర్చు మీద పడితే సంతకు తోలేది దాన్నే. పొట్టేలు కోస్తే పది పన్నెండు కిలోలకు పైగా మాంసం వస్తుంది. ఒక ఇల్లు ఒక పూటలో తినేది కాదు. అందుకే నలుగురూ కలిసి కోసి పోగులు వేసుకుంటారు. పోగుకు చేతిలో డబ్బు ఉండాలి. అంగట్లో కిలో మటన్ ఏడెనిమిది వందలు పలుకుతున్న రోజుల్లో కూలికెళ్లే ఇంటికి అది రెండు మూడు రోజుల రెక్కల కష్టం.

కుందేలు గొప్పతనం దాని సైజులోనే ఉంది. మూడు నెలలు నిండేసరికి రెండు కిలోలు తూగుతుంది. తోలు, పేగులు పోగా సగం, అంటే ఒక కిలో కూర. అయిదుగురున్న ఇంటికి ఒక పూట. ఫ్రిజ్ అక్కర్లేదు, పోగులు అక్కర్లేదు, మిగిలి చెడిపోయేదీ లేదు. చూలు 30, 31 రోజులు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. పుస్తకాల్లో ఏడాదికి ఆరేడు ఈతలు రాసి ఉంటాయి. మన ఎండల్లో అది ఆశ మాత్రమే. ఎండాకాలం నాలుగు నెలలు పోగా, తల్లికి తెరిపి ఇస్తూ నాలుగు ఈతలు, ఈతకు అయిదు పిల్లలు దక్కాయని లెక్కేసుకుందాం. ఒక తల్లి మీద ఏడాదికి ఇరవై కిలోల మాంసం. రెండు తల్లులు, ఒక పోతు ఉంటే దాదాపు తొమ్మిది రోజులకోసారి ఇంట్లో కూర ఉడుకుతుంది.

ఇక నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంలోనే చాలావరకు కురిసి, మన దాకా వచ్చేసరికి ఖాళీ అవుతాయి. కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు చేల మీదికి పాకే తీరు చూసినవారికి ఇక్కడ నీటి చుక్క విలువ వేరే చెప్పాలా! గేదెకు రోజుకు యాభై లీటర్లకు పైగా కావాలి. కుందేలు తాగేది మామూలు రోజుల్లో గ్లాసుడు, ఎండాకాలంలో అర లీటరు. కరువొచ్చిన ఏడు గడ్డి శిబిరాల ముందు ఎద్దులను పట్టుకుని నిలబడ్డ రైతులకు ఈ తేడా నా కన్నా బాగా తెలుసు.

మేత గురించి బెంగ అక్కర్లేదు. హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు పట్టుపురుగుల షెడ్లున్న ఇళ్లకైతే అదృష్టమే. పురుగులు తినగా మిగిలిన, మందు చల్లని మల్బరీ ఆకు కుందేలుకు పరమాన్నం. మాంసకృత్తులు దండిగా ఉంటాయి. దశరథ గడ్డి, లూసర్న్, మునగాకు, అవిశాకు, కూరగాయల తరుగు, ఎండిన చెనిక్కాయ కట్టె ఏదైనా సరే. సుబాబుల్ ఆకు మాత్రం కొంచెమే వేయాలి, ఎక్కువైతే విషం. పెద్ద కుందేలుకు రోజుకు నూరు గ్రాముల దాణా, అంటే కొంత తవుడు, కొంత నలగ్గొట్టిన మొక్కజొన్న, చారెడు చెక్క ఉంటే చాలు.

బూజు పట్టిన చెక్కతో జాగ్రత్త

ఆ చెక్క దగ్గరే ఆగి ఒక సంగతి చెప్పాలి. ఈ కథనంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

చెనిక్కాయ ఊరే దశలో వాన ముఖం చాటేయడం మన జిల్లాకు కొత్త కాదు. నేల వేడెక్కి, చెట్టు వడలి, కాయ బీటలు వారినప్పుడు లోపలికి ఒక రకం బూజు చేరుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. గింజ పైకి బాగానే కనబడవచ్చు. గానుగ ఆడించినప్పుడు నూనె పోయినా విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగిలిపోతుంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ బెడద మీద అనంతపురం చేలల్లోనే పనిచేశారు. జంతువుల్లో ఈ విషానికి తొందరగా లొంగిపోయే వాటిలో కుందేలు ముందుంటుంది. నిన్న బాగున్నది నేడు మేత మానేస్తుంది, రెండు రోజుల్లో కాలేయం చెడి పోతుంది. కుందేళ్లు ఊరకే చచ్చిపోతాయండీ అని విసిగి మానేసినవాళ్లు చాలామంది ముందుగా తమ దాణా సంచిలోకి తొంగి చూడాల్సింది. కాబట్టి చెక్క కొత్తదై ఉండాలి, కరకరలాడాలి, ముక్క వాసన రాకూడదు. వానకు తడిసిన కట్టె పనికిరాదు. ముడుచుకుపోయిన, నల్లబడిన గింజలు కుందేలుకే కాదు, మన ఊరుబిండికీ కూరకూ కూడా పనికిరావు. వాటిని పారేయడానికి చేయి రాదు, నాకు తెలుసు. అయినా పారేయాలి.

రెండో శత్రువు ఎండ. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల గుండా వదులుకుంటుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 30 దాటితే రొప్పడం మొదలెడుతుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. రేకుల కొట్టం కింద గూడు పెడితే మధ్యాహ్నానికి ప్రాణం పోతుంది. వేపచెట్టు నీడన బోద కప్పిన కొట్టం కావాలి. పక్కలకు తడిపిన గోనె పట్టాలు కట్టాలి. గూట్లో నీళ్లు నింపిన మట్టి కుండ పెడితే కుందేలు వెళ్లి దానికి ఒళ్లు ఆనించి పడుకుంటుంది. వేడి తగిలిన పోతుకు వీర్యం పలచబడి, మళ్లీ కుదురుకోవడానికి రెండు నెలలు పడుతుంది. అందుకే ఎండాకాలంలో జత కట్టించడం దండగ. కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు దగ్గర కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థకు దక్షిణాది కేంద్రం ఉంది. మంచి జాతి కుందేళ్లు అక్కడ ఉంటాయి. కానీ చల్లటి కొండ మీద పుట్టినదాన్ని నేరుగా తాడిపత్రి ఎండకు తెస్తే అది తట్టుకోవడం కష్టం. మైదానంలోనే రెండు మూడు తరాలు పెరిగినవి దొరికితే అవే మేలని నా అభిప్రాయం.

పెంపకం తక్కిన వివరాలు క్లుప్తంగా చెబుతాను. గూటి అడుగు జాలీ అయితే పెంటికలు కిందికి రాలిపోతాయి. తడి లేకపోతే పిల్లల ప్రాణం తీసే కాక్సీడియా పారుడు రోగం దగ్గరికి రాదు. ఈ విషయంలో మన పొడి గాలి మేలే చేస్తుంది. జాలీ మీద ఒక పక్క పలక వేస్తే మడమలు పుండు పడవు. జతకు ఆడదాన్ని పోతు గూటికి తీసుకెళ్లాలి. పోతును దాని గూటికి తెస్తే కరిచి తరిమేస్తుంది. ఈనే ముందు తల్లి తన పొట్ట బొచ్చు తానే పీకి పెట్టెలో పరుస్తుంది. పిల్లలకు పాలిచ్చేది రోజుకు ఒక్కసారి, అదీ నాలుగైదు నిమిషాలు. అది తెలియక తల్లి పిల్లల్ని వదిలేసిందని కంగారుపడి చేతిలోకి తీసుకునేవాళ్లున్నారు. ఉదయం పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందినట్టే. పాములు, పిల్లులు, చీమలు రాకుండా చూసుకోవాలి. పెంటికలు చామంతి మడికి గానీ మల్లె పాదుకు గానీ నేరుగా వేసుకోవచ్చు.

సట్టిలో

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కుందేలు కూర బాగా లేదనేవాళ్లు దాన్ని మటన్ వండినట్టు వండి ఉంటారు. మటన్‌కు ఒంట్లో కొవ్వుంది. ఎంతసేపు ఉడికినా ఆ కొవ్వు కరిగి ముక్కను కాపాడుతుంది. కుందేలు మాంసంలో కొవ్వు బహు తక్కువ, మాంసకృత్తులు నూటికి ఇరవై వంతులు. పెద్ద మంట మీద వేయిస్తే ముక్క బిగుసుకుపోయి కొబ్బరి పీచులా అవుతుంది. ఉత్తర ధ్రువం వైపు తిరిగిన యాత్రికుడు విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ ఒక వింత సంగతి రాశాడు. కొవ్వు దొరకని కాలంలో కుందేలు మాంసం ఒక్కటే తిన్నవాళ్లు కడుపు నిండా తింటున్నా వారం పది రోజుల్లో నీరసించి, తలనొప్పి, విరేచనాలతో పడిపోయేవారట. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదట. మాంసానికి తోడు కొవ్వు లేకపోవడమే కారణం.

ఆ కొవ్వు మన ఇంట్లో మూట కట్టి ఉంది. చెనిక్కాయ గింజలో దాదాపు సగం నూనే. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6 నుంచి కదిరి లేపాక్షి దాకా ఈ నేల మీద పండిన ప్రతి రకం ఈ కూర కోసమే పండిందా అన్నట్టుంటుంది నాకు. కుందేలుకు చెనిక్కాయ కట్టె మేత, కుందేలు కూరకు చెనిక్కాయ ముద్ద చిక్కదనం. కరువు నేల మీద ఇంతకన్నా బాగా కుదిరే జత నాకు కనబడలేదు.

మూడు, నాలుగు నెలల కుందేలు కిలో మాంసం తీసుకోండి. వెనక కాళ్లు ఒక్కోటి మూడు ముక్కలు, ముందు కాళ్లు రెండేసి, నడుము భాగం నాలుగు, డొక్కలు వేరుగా. ఎముక సన్నం, కత్తితో నరికితే పెళుసుగా చీలి సూదుల్లా విరుగుతుంది. కీళ్ల దగ్గర చూసి కోస్తే ఆ బాధ లేదు. పిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం ముక్క వేళ్లతో తడిమి పెట్టండి. కడిగిన ముక్కలకు పసుపు, ఉప్పు, అల్లం తెల్లగడ్డ ముద్ద పట్టించి అరగంట పక్కన ఉంచాలి.

ఈలోగా గుప్పెడు చెనిక్కాయ గింజలు సన్న మంట మీద వేయించి, పొట్టు చెరిగి పెట్టుకోవాలి. రెండు చెంచాల ధనియాలు, చెంచాడు మిరియాలు, ఆరేడు ఒట్టి మిరపకాయలు, చిన్న పట్ట ముక్క, నాలుగు లవంగాలు, అరచేతిలో సగం ఎండు కొబ్బరి విడిగా వేయించుకోవాలి. ముందు మసాలా మెత్తగా నూరి, చివర్లో గింజలు వేసి పలుకుపలుకుగా ఉండగానే ఆపేయాలి. మిక్సీ అయితే తిప్పీ తిప్పనట్టు తిప్పాలి, లేకపోతే నూనె తేలి ముద్ద జారిపోతుంది.

సట్టిలో గానుగ నూనె ఆరు చెంచాలు పోయండి. మటన్‌కు పోసే దానికన్నా ఎక్కువే, వెనకాడొద్దు. మూడు ఎర్రగడ్డలు తరిగి ఎర్రగా వేయించి, కరివేపాకు వేసి, ముక్కలు వేయాలి. మటన్ అయితే దాని నీరు అదే ఊరి, అదే ఇగిరిందాకా వేయిస్తాం. ఇక్కడ అంత ఓపిక పట్టకూడదు. ముక్క రంగు మారి తెల్లబడగానే రెండు టమోటాలు వేసి, అవి మెత్తబడగానే మరిగే నీళ్లు ముక్కల మీదికి వేలు మందం వచ్చేలా పోయాలి. చన్నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. మూత పెట్టి, మంట బాగా తగ్గించి, అరగంట. కుక్కర్ అయితే రెండు విజిల్లు చాలు. ముక్క ఎముకను వదలబోతున్నట్టు అనిపించినప్పుడు నూరిన ముద్ద కలపాలి. అక్కడి నుంచి పది నిమిషాలు గరిటె దించకూడదు, చెనిక్కాయ అడుగంటుతుంది. అంచుల వెంబడి ఎర్రటి నూనె విడిచి, వేయించిన గింజల వాసన వాకిట్లోకి వచ్చిందంటే దించేయొచ్చు. పులుపు ఇష్టమైతే టమోటా తగ్గించి కొంచెం చింతపండు రసం. కొత్తిమీర సరేసరి.

ఈనడం మానేసిన ముసలి తల్లిని కోసినప్పుడు ఈ లెక్క చెల్లదు. దానికి గంటకు పైగా సన్న సెగ, పులుసు పద్ధతి కావాలి. ఓపికుంటే ఆ పులుసు లేత కుందేలు కూరను మించిపోతుంది. డొక్కలను మిరియాలతో ఉడికిస్తే జలుబు చేసినవాళ్లకు మంచి చారు. కాలేయం చిన్నదే అయినా విడిగా రెండు నిమిషాలు మిరియాల పొడితో వేయించి ఇంట్లో చిన్నవాళ్లకు పెట్టాలి.

తోడు సంగటే. ఎసట్లో గుప్పెడు నూకలు ఉడికాక రాగిపిండి పోసి, కెలక్కుండా మూత పెట్టి మగ్గనిచ్చి, ఆ తర్వాత సంగటి కట్టెతో ఉండల్లేకుండా గెలకాలి. ముద్ద మధ్యలో గుంట చేసి అందులో కూర పోసుకుంటే చెనిక్కాయ పలుకులు రాగికి పట్టుకుంటాయి. అన్నంతో ఆ కలయిక రాదు. సున్నీ ముస్లింల ఇళ్లలో హలాల్ చేసి నిక్షేపంగా వండుకోవచ్చు, వాళ్ల మతం దీన్ని అనుమతిస్తుంది. పలావుకు ఈ మాంసం చక్కగా సరిపోతుంది. స్పెయిన్‌లో వాలెన్సియా వాళ్ల పాయెలా అన్నంలో కుందేలు వేయడం ఆనవాయితీ. మాల్టా దీవిలో కుందేలు పులుసే జాతీయ వంటకం. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం రేషన్ పెట్టినప్పుడు బ్రిటన్‌లో ఇంటింటా కుందేళ్లు పెంచారు, కుందేలు క్లబ్బుల సభ్యులకు తవుడు రేషన్ కూడా ఇచ్చారు. కష్టకాలంలో దీని వైపు చూసింది మనమొక్కరమే కాదు.

పేరు పెట్టాక

చూడముచ్చటైన జంతువును కోయడం అందరి వల్లా కాదు. 2017లో వెనెజులా ప్రభుత్వం ఆకలి తీర్చడానికి పేదల పేటల్లో కుందేళ్లు పంచింది. కొన్నాళ్లకు అధికారులు వెళ్లి చూస్తే జనం వాటికి రిబ్బన్లు కట్టి, పేర్లు పెట్టి, పక్కలో పడుకోబెట్టుకుంటున్నారు. ఆ సంగతి అక్కడి మంత్రే టీవీలో చెప్పాడు. మన పిల్లలూ అదే పని చేస్తారు, చేయాలి కూడా. తల్లులకు, పోతుకు పేర్లు పెట్టుకోనివ్వండి. అవి రెండు మూడేళ్లు గూట్లోనే ఉంటాయి. కూరకు వెళ్లే పిల్లలను మాత్రం తల్లి పాలు విడిచిన నాటి నుంచే వేరే గూట్లో, పిల్లల చేతికి దూరంగా పెంచాలి. కోసేది వాళ్లు బడికి వెళ్లిన వేళ, జంతువు బెదరకుండా, ఒక్క వేటుకు అయిపోయేలా, చెయ్యి తిరిగినవాళ్లు చేయాలి. తినే జంతువుకు మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద అది.

ఇంకో మాట. లక్ష కట్టండి, కుందేళ్లిస్తాం, పిల్లలను మేమే కొంటాం అంటూ వచ్చేవాళ్లను నమ్మొద్దు. మన ఊళ్లలో కుందేలు మాంసానికి అంగడి ఇంకా లేదు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర కూడా వాడి చేతిలోనే ఉంటుంది. వాడు ఫోను ఎత్తడం మానేసిన రోజు మేత ఖర్చు మాత్రం మన నెత్తిన ఉంటుంది. ఏటేటా అప్పు తెచ్చి చెనిక్కాయ వేసి నష్టపోయిన కుటుంబాలను కుందేళ్ల పేరుతో మళ్లీ అప్పులోకి దింపడం నాకు కోపం తెప్పించే విషయం. మూడు కుందేళ్లు, వాటికీ పిల్లలకూ చాలినన్ని జాలీ గూళ్లు, ఒక చెట్టు నీడ, అంతవరకే. ఇంటికి మించి పెరిగితే పక్కింటికి ఇవ్వండి, మీ కోడిగుడ్లకు మారుగా తీసుకోండి.

మొదలుపెట్టడానికి దసరా తర్వాత మంచి అదును. వానలకు పచ్చిమేత ఉంటుంది, ఎండ తగ్గుతుంది. అయిదారు నెలల ఆడవి రెండు, వాటికి చుట్టరికం లేని పోతు ఒకటి తెచ్చుకుని, పశువుల డాక్టరుతో గజ్జి, ముక్కు చీదడం లేవని చూపించుకోవాలి. కొత్త చోటికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు వదిలేసి నవంబరు మొదట్లో జత కట్టిస్తే డిసెంబరు మొదటివారానికి ఈనుతాయి. జనవరి మొదట్లో పిల్లలను వేరు చేయొచ్చు. మార్చి వచ్చేసరికి మూడు నెలలు నిండి రెండు కిలోలకు చేరతాయి. హిందూపురం, మడకశిర వైపు ఉగాది మరునాడు మాంసం వండుకోవడం ఆనవాయితీ. ఆ రోజు ఊరంతా మటన్ అంగడి ముందు వరుసలో నిలబడి ఉంటుంది, ధర కూడా ఆ రోజే ఎక్కువ. మొదటి ఈతలోంచి రెండు పిల్లలను ఆ నాటికి అట్టిపెట్టుకోండి.